ఫుట్‌బాల్ ఫొటోలు మసకగా వస్తున్నాయా? లెన్స్‌ని తిట్టే ముందు ఒక్క ఫ్రేము పెంచి చూడండి

శనివారం ఆట ముగిశాక ఫొటో డెస్కు దగ్గర వినపడే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "అన్నా, లెన్స్ పోయింది." కింద పడేస్తే తప్ప 400 ఎంఎం లెన్స్ ఒక్క మధ్యాహ్నంలో పోదు. "ఒక్క ఫొటో అయినా వంద శాతానికి పెంచి చూశావా?" అని అడిగితే జవాబుండదు. మూడున్నర గంటల పాటు వేల ఫ్రేములు కొట్టే ఓపిక ఉంటుంది కానీ, మొదటి క్వార్టర్‌లో (ఆటలోని నాలుగు భాగాల్లో మొదటిదానిలో) ఒక్క ఫ్రేము పెంచి చూడ్డానికి పది సెకన్లు దొరకవు.

ఇది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ తీసే స్టూడెంట్ ఫొటోగ్రాఫర్ల కోసం. డెంటన్‌లోనో ఆస్టిన్‌లోనో చదువుకుంటూ క్యాంపస్ పేపర్‌లో చేరిన మనవాళ్లకు మరీ పనికొస్తుంది, ఎందుకంటే నేను చెప్పబోయే అసలు తంటా ఎక్కువగా టెక్సస్ సెప్టెంబరులోనే వస్తుంది. షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ తెలుసనే అనుకుంటున్నాను. సైడ్‌లైన్ అవతల గీసిన హద్దు దాటకూడదని, బెంచీల దగ్గర నిలబడకూడదని కూడా తెలుసనే అనుకుంటున్నాను.

ఫొటోని కెమెరా వెనక తెరమీద వంద శాతానికి పెంచండి. ఆటగాడి మొహం ఒక్కటే కాదు, ఫ్రేము అంతా జరుపుకుంటూ చూడండి. వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఈ ఫ్రేములో ఎక్కడైనా, ఏదైనా షార్ప్‌గా ఉందా? సగం రోగం ఇక్కడే తేలిపోతుంది.

ఆటగాడు మసక, ఇంకేదో షార్ప్

ఫోకస్ తప్పింది, అంతే. కాలేజీ ఆటలో నలుపు తెలుపు చారల చొక్కా వేసుకున్న అంపైర్ ఒకాయన డిఫెన్స్ (బంతిని అడ్డుకునే జట్టు) వెనకే, సరిగ్గా మైదానం మధ్యలో నిలబడతాడు. ఆటోఫోకస్‌కి ఆ చారలంటే మహా ఇష్టం. ఆటగాడిని పట్టుకున్న ఫోకస్ అంపైర్ అడ్డం రాగానే ఆయన మీదికి దూకుతుంది. కెమెరా మెనూలో ట్రాకింగ్ సెన్సిటివిటీ అనో, లాక్-ఆన్ అనో ఉంటుంది. అడ్డం వచ్చినవాళ్లను పట్టించుకోకుండా కాసేపు ఆగే వైపుకి దాన్ని జరపండి. మొహాన్ని గుర్తుపట్టే ఫోకస్‌ని ఇక్కడ గుడ్డిగా నమ్మకండి. హెల్మెట్ ముందున్న కడ్డీల వెనక మొహం దానికి అన్నిసార్లూ దొరకదు. చిన్న పాయింట్ల గుంపు ఒకటి పెట్టుకుని ఛాతీ మీద ఉంచండి.

ఫోకస్ అసలు కదలడమే లేదా? లెన్స్ పక్కనున్న స్విచ్ చూడండి. బ్యాగులోంచి లాగేటప్పుడు మాన్యువల్‌కి జరిగి ఉంటుంది. నవ్వకండి, ప్రతి సీజన్‌లో ఎవరో ఒకరు దీనితోనే మొదటి టచ్‌డౌన్ పోగొట్టుకుంటారు.

ఒక దిక్కుకి సాగినట్టు మసక

కాళ్లు, చేతులు, బంతి ఒకవైపు గీసినట్టు సాగి, పచ్చిక మాత్రం బాగానే ఉంటే షట్టర్ స్పీడ్ చాలలేదు. 1/1000 కంటే కిందికి దిగొద్దు. పగటి ఆటలో ఇది ఎందుకు జరుగుతుందంటే, మూడో క్వార్టర్‌కి పడమటి స్టాండ్ నీడ మైదానంలో సగం మేర పరుచుకుంటుంది. అపర్చర్ ప్రయారిటీలో ఉన్న కెమెరా నీడలోకి రాగానే మీకు చెప్పకుండా షట్టర్ తగ్గించేస్తుంది. మాన్యువల్‌లో 1/2000, ఎఫ్ 4 పెట్టి, ఐఎస్ఓ ఒక్కదాన్నే ఆటోకి వదిలేయండి. గ్రెయిన్ వచ్చిన ఫొటో పేపర్‌లో అచ్చవుతుంది, కదిలిపోయిన ఫొటో కాదు.

ఏదీ షార్ప్‌గా లేదు

ఇక్కడ ఆగుదాం. లెన్స్‌ని సర్వీస్‌కి పంపించేది, అప్పు తెచ్చి కొత్త కెమెరా బాడీ కొనాలని ఆలోచించేది ఈ దశలోనే.

ఫ్రేములో ఆటగాడు మసక. ఆయన ముందు పచ్చిక మసక, వెనక పచ్చిక మసక. షట్టర్ చూస్తే 1/2000. ఫోకస్ పాయింట్ సరిగ్గా ఛాతీ మీదే ఉంది. అదే బర్స్ట్‌లో (ఒక్క నొక్కుకి వరసగా పడిన ఫ్రేముల్లో) ఒక ఫ్రేము ఫరవాలేదనిపిస్తుంది, తర్వాతిది ఘోరం, దాని తర్వాతది మళ్లీ కాస్త నయం. ఫోకస్ తప్పిన ఫొటోలో ఎక్కడో ఒకచోట, ముందో వెనకో, ఒక పట్టీ మేరకు పచ్చిక షార్ప్‌గా ఉండి తీరాలి. అది కూడా లేదంటే తప్పు మీ కెమెరాలో లేదు. మీకూ ఆటగాడికీ మధ్యనున్న గాలిలో ఉంది.

ఖాయం చేసుకోవడానికి ఇంకో గుర్తు ఉంది. అయిదేసి గజాలకు ఒకటి చొప్పున మైదానానికి అడ్డంగా గీసిన తెల్లగీతలను చూడండి. తిన్నగా ఉండాల్సిన గీత అంచు అలల్లా వంకర్లు పోయి ఉంటుంది. మైదానం రెండు చివర్లలో ఉండే ఎండ్ జోన్ మూలల్లో నిలబెట్టే నారింజరంగు గుర్తు, పైలాన్, ఒక ఫ్రేములో కుడికి, ఇంకో ఫ్రేములో ఎడమకు వంగినట్టు ఉంటుంది. గోల్‌పోస్ట్ స్తంభమూ అంతే. షట్టరూ ఫోకసూ గీతను మసకబరచగలవు కానీ వంకర తిప్పలేవు.

రోహిణి కార్తెలో తారురోడ్డు మీద దూరాన గాలి వణుకుతూ, నీళ్లున్నట్టు కనిపిస్తుందే, ఆ ఎండమావే ఇది. వేడి గాలి, దానికంటే చల్లటి గాలి వెలుతురును ఒకేలా వంచవు. నేల దగ్గర ఆ రెండూ ముద్దలు ముద్దలుగా కలుస్తూ ఉంటే ప్రతి ముద్దా ఒక చిన్న పిచ్చి లెన్స్‌లా పనిచేస్తుంది. కంటికి అదేమంత తెలియదు. 400 ఎంఎం లెన్స్ పెడితే ఆటగాడితో పాటు ఆ వణుకూ పెద్దదవుతుంది.

సహజమైన పచ్చిక ఆకుల్లోంచి నీరు ఆవిరవుతూ తనను తాను చల్లబరచుకుంటుంది. సింథటిక్ టర్ఫ్‌కి, అంటే ప్లాస్టిక్ గడ్డికి, ఆ వసతి లేదు. బయట 35 డిగ్రీలున్న ఎండలో టర్ఫ్ ఉపరితలం 60 డిగ్రీలు దాటడం మామూలే. ఆస్టిన్‌లో లక్ష మంది పట్టే స్టేడియంలో ఉన్నది సింథటిక్ టర్ఫే. టెక్సస్‌లోనే కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లోని కైల్ ఫీల్డ్ స్టేడియంలో సహజమైన గడ్డి. ఒకే లెన్స్, ఒకే మనిషి, ఒకేలాంటి ఎండ, అయినా రెండు చోట్ల ఫలితం వేరుగా వస్తుంది. ఇది తెలియనివాళ్లు "పోయిన వారం బాగానే పనిచేసింది, ఈ వారం లెన్స్ పోయింది" అనుకుంటారు.

ఇక జనం చేసే పనులు. షట్టర్‌ని 1/4000కి పెంచుతారు. లాభం లేదు, వణుకుతున్న గాలి వణుకుతున్నట్టే గడ్డకట్టి వస్తుంది. అపర్చర్ తగ్గిస్తారు, దానివల్లా లాభం లేదు. అన్నిటికన్నా చెడ్డపని ఒకటుంది. పాత డీఎస్ఎల్ఆర్‌లలో లెన్స్ ఫోకస్‌ని ముందుకూ వెనక్కూ సర్దే ఫైన్‌ట్యూన్ ఉంటుంది. మధ్యాహ్నం మసక ఫొటోలు చూసి హాఫ్‌టైమ్‌లో ఆ అంకె మార్చేస్తారు. రాత్రి చల్లబడ్డాక ఇప్పుడు నిజంగానే ఫోకస్ తప్పుతుంది. సోమవారం ఆ లెన్స్ ఇంకొకరి చేతికి వెళ్తుంది. సర్వీస్ నుంచి "లోపం ఏమీ లేదు" అన్న చీటీతో తిరిగొచ్చిన లెన్స్‌ల వెనక కథ చాలాసార్లు ఇదే. ఎండలో ఉన్నప్పుడు ఆ మెనూ జోలికి పోవద్దు. ఎవరైనా ఇప్పటికే మార్చి ఉంటే సున్నాకి తెచ్చి, సాయంత్రం చల్లబడ్డాక దగ్గర్లో ఉన్న కదలని వస్తువు మీద పరీక్షించండి.

మరి ఏం చేయాలి? ఆట మొదలవక ముందే లైవ్ వ్యూ ఆన్ చేసి, పూర్తిగా పెంచి, మైదానం అవతలి చివరనున్న పైలాన్‌ని చూడండి. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) మీద ఉంచి చూస్తే గాలి ఉడుకుతున్నట్టు కళ్లముందే కనిపిస్తుంది. కనిపిస్తే ఆ రోజుకి ప్లాన్ మార్చాలి.

దూరం తగ్గించాలి, అసలు మందు అదే. రెండు ఎండ్ జోన్లతో కలిపి మైదానం పొడవు 120 గజాలు. ఒక ఎండ్ జోన్ వెనక కూర్చుని అవతలి సగంలో జరిగే ఆటను లాగాలనుకోకండి. బంతి ఉన్న గీతకు పదిహేను, ఇరవై గజాలు ముందు సైడ్‌లైన్ మీద ఉండి, ఆట మీవైపు వచ్చినప్పుడే కొట్టండి. ఇరవై అయిదు, ముప్ఫై గజాలు దాటిన ఆటను వదిలేయండి. 70-200 ఎంఎం లెన్స్‌తో దగ్గరగా తీసిన ఒక్క ఫ్రేము, 400తో దూరాన్నుంచి తీసిన యాభై ఫ్రేములకన్నా నయం.

ఆ తర్వాత లేచి నిలబడండి. మోకాళ్ల మీద కూర్చుని తీస్తే ఆటగాడు పెద్దగా కనిపిస్తాడని, వెనక బ్యాక్‌గ్రౌండ్ శుభ్రంగా ఉంటుందని అందరికీ నేర్పిస్తారు, నేనూ నేర్పిస్తాను. కానీ అన్నిటికన్నా వేడి గాలి ఉండేది నేలను అంటుకునే. కూర్చుంటే మీ చూపు ఆ పొర వెంబడే పోతుంది. నిలబడితే కాస్త మేలు, స్టాండ్స్‌లో పైకి వెళ్తే ఇంకా మేలు. రెండో క్వార్టర్ పైనుంచి తీసి, నీడ పడ్డాక కిందికి దిగండి. మబ్బు కమ్మినా తేడా త్వరగానే తెలుస్తుంది, అప్పుడు పెద్ద లెన్స్ బయటికి తీయొచ్చు.

గాలి వణుకు మీ లెన్స్ హుడ్‌లోనే (లెన్స్ ముందు తొడిగే గొట్టంలోనే) ఉండే అవకాశం కూడా ఉంది. ఏసీ ప్రెస్ రూమ్‌లోంచో, ఎండలో మాగిన కారు డిక్కీలోంచో అప్పుడే తీసిన లెన్స్‌కీ, బయటి గాలికీ ఉష్ణోగ్రతలో తేడా ఉంటుంది. పొడవైన హుడ్ లోపల ఆ రెండు గాలులూ కలుస్తాయి. హుడ్ తీసి నాలుగు ఫ్రేములు కొట్టి పోల్చండి. బ్యాగు జిప్ తీసి, కిక్‌ఆఫ్‌కి ముప్పావు గంట ముందే బయట నీడలో పెట్టేస్తే ఈ సమస్య ఉండదు. ఏసీలోంచి తీయగానే గాజు మీద పట్టే ఆవిరి కూడా అలాగే పోతుంది.

"ఇది నవంబరు, చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి, ఇప్పుడు ఎండమావేంటి?" అంటారు. బెంచీల దగ్గర పెట్టే పెద్ద పెద్ద హీటర్లను చూడండి. మైదానం మూల నుంచి సైడ్‌లైన్ వెంబడి తీస్తే మీ చూపు ఆ వేడిగాలి గుండానే పోతుంది. చలిరోజున తేడా ఇంకా ఎక్కువ కనుక మసకా ఎక్కువే. జనరేటర్ పొగగొట్టం, స్టాండ్ కింద వంట స్టాల్ కూడా ఇదే పని చేస్తాయి. నాలుగడుగులు పక్కకు జరగండి, చాలు.

ఇప్పటికే అలా తీసిన ఫొటోలను బాగుచేయొచ్చా? లేదు. షార్పెనింగ్ పెంచితే వంకరలే ఇంకా స్పష్టమవుతాయి. లేని వివరాన్ని కల్పించే ఏఐ టూల్స్ వార్తా ఫొటోకి పనికిరావు, అక్కడ లేనిదాన్ని ఉన్నట్టు చూపడమే అవుతుంది. బర్స్ట్ మొత్తం వంద శాతంలో చూసి, ఉన్నవాటిలో కాస్త మేలైనది ఏరుకోండి. వెబ్‌లో చిన్న సైజులో చాలావరకు నెట్టుకొస్తుంది.

ఫొటో బాగుంది, క్యాప్షన్‌లో పేరు తప్పు

కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒకే జట్టులో ఇద్దరికి ఒకే నంబరు ఉండొచ్చు, ఇద్దరూ ఒకేసారి మైదానంలో లేకపోతే చాలు. సాధారణంగా ఒకరు అఫెన్స్‌లో (బంతితో దాడి చేసే వైపు), ఒకరు డిఫెన్స్‌లో ఉంటారు. నంబరు చూసి పేరు వేస్తే సగం సార్లు తప్పు మనిషి పడతాడు. ఫొటో మెకానిక్ అనే సాఫ్ట్‌వేర్‌లో, చిన్న కోడ్ కొడితే ఆటగాడి పేరు వచ్చేలా చేసే కోడ్ రీప్లేస్‌మెంట్ వాడేవాళ్లు అలాంటి నంబర్లకు ఓ, డీ అని వేరే కోడ్లు పెట్టుకోండి. 2020 నుంచి సున్నా నంబరు కూడా వచ్చింది, దాన్ని 8 అనో 9 అనో చదివేవాళ్లున్నారు.

ఫొటోలు వరుస తప్పి కనిపిస్తున్నాయి

కెమెరా గడియారం. ఇండియాలో కొన్న బాడీ ఇండియా టైమ్‌లోనే ఉండిపోతే, శనివారం మధ్యాహ్నం రెండున్నరకి టెక్సస్‌లో మొదలైన ఆట ఫొటోల మీద ఆదివారం తేదీ పడుతుంది. రెండు బాడీలు వాడితే రెండింటినీ ఫోన్ టైమ్‌కి కలపండి. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి వెళ్తుందని కూడా గుర్తుంచుకోండి.

హాఫ్‌టైమ్‌లో ఫొటోలు వెళ్లడం లేదు

వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తే నెట్‌వర్క్ కూలబడుతుంది. హాఫ్‌టైమ్ ఇరవై నిమిషాలే. రెండో క్వార్టర్‌లో టైమ్‌అవుట్లు వచ్చినప్పుడే నాలుగు ఫ్రేములు ఎంచి, పొడవు వైపు 2,400 పిక్సెళ్లకు కుదించి పంపండి. ప్రెస్ రూమ్‌లో ఈథర్‌నెట్ వైరుంటే వైఫై జోలికే పోవద్దు. ఆ వైరు పట్టే అడాప్టర్ బ్యాగులో ఉండాలి, అంతే.

అరుదైనవి

లైట్ల కింద అడ్డపట్టీలు వస్తే యాంటీ-ఫ్లికర్ ఆన్ చేసి, ఎలక్ట్రానిక్ షట్టర్ మానేయండి. మొహాల రంగు తేడాగా వస్తుంటే మీరు బహుశా ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో ఉన్నారు. అక్కడ 1986 నుంచీ టర్ఫే నీలం. ఆటో వైట్ బ్యాలెన్స్ తీసేస్తే సరి. మౌంట్ వంగడం, లెన్స్ లోపలి గాజు జరగడం లాంటివి దాదాపు ఉండవు. అనుమానం తీరకపోతే చల్లటి సాయంత్రం, పది గజాల దూరంలో గోడకు అంటించిన న్యూస్‌పేపర్‌ని మోనోపాడ్ మీదనుంచి తీయండి. ఆ అక్షరాలు కూడా మసకగా వస్తే అప్పుడు తీసుకురండి, సర్వీస్ ఫారం నేనే నింపుతాను.