వర్చువల్ మెషీన్‌లో లినక్స్ తెర చిన్నగా ఉండిపోతే ఏం చేయాలి?

హనుమకొండ, కాజీపేట ప్రాంతాల్లో గది తీసుకొని చదువుకునే ఇంజినీరింగ్ విద్యార్థులు ల్యాప్‌టాప్‌లోని విండోస్‌ను కదిలించకుండానే వర్చువల్‌బాక్స్‌లో (ఒక కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, నడిపే సాఫ్ట్‌వేర్) లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు పెట్టుకోవచ్చు. అలా పెట్టుకున్నవారికి తరచూ ఎదురయ్యే చిక్కు తెర కొలత. విండోను ఎంత పెద్దది చేసినా లోపలి లినక్స్ 800×600 లేదా 1024×768 దగ్గరే ఆగిపోతుంది. చుట్టూ ఖాళీ స్థలం మిగిలిపోతుంది, కావలసిన కొలత సెట్టింగ్స్ జాబితాలో కనిపించదు.

దీనికి కారణం తెలిస్తే సగం పని అయినట్టే. నిజమైన మానిటర్ తాను చూపగల కొలతలను కంప్యూటర్‌కు స్వయంగా తెలియజేస్తుంది. వర్చువల్ మెషీన్‌కు అటువంటి మానిటర్ ఉండదు కనుక, మీరు విండోను ఎంత చేశారో లోపలి లినక్స్‌కు చెప్పవలసింది వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేరే. ఆ సమాచారం ముందు వర్చువల్ గ్రాఫిక్స్ కార్డును, తరువాత లినక్స్‌లోని డ్రైవరును, దాని సహాయక ప్రోగ్రాములను, చివరకు డెస్క్‌టాప్‌ను చేరాలి. కాబట్టి వెతుకులాట కూడా బయటి నుంచి లోపలికి ఇదే వరుసలో సాగాలి. చాలామంది చివరి మెట్టు అయిన, తెర కొలతను చేత్తో మార్చే ఎక్స్‌రాండర్ ఆదేశంతో మొదలుపెట్టి గంటలు పోగొట్టుకుంటారు. దాని అవసరం చాలాసార్లు రానే రాదు.

మొదటి మెట్టు: మెషీన్ సెట్టింగ్స్

ముందు లినక్స్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయండి. స్థితిని సేవ్ చేసి మూసివేస్తే గ్రాఫిక్స్ సెట్టింగ్స్ మార్చడానికి వీలుండదు. తరువాత ఆ మెషీన్ సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లే విభాగంలో గ్రాఫిక్స్ కంట్రోలర్‌గా వీఎంఎస్‌వీజీఏ ఉందో లేదో చూడండి. లినక్స్‌కు తగినది అదే. వీబాక్స్‌ఎస్‌వీజీఏ అనేది విండోస్ గెస్టుల (వర్చువల్ మెషీన్ లోపల నడిచే వ్యవస్థను గెస్ట్ అంటారు) కోసం ఉద్దేశించింది.

అక్కడే వీడియో మెమరీని కూడా చూడాలి. ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన 1920×1080 తెరకు సుమారు 8 ఎంబీ చాలు. 3840×2160 తెరకు మాత్రం దాదాపు 33 ఎంబీ కావాలి కనుక 16 ఎంబీ ఇచ్చిన మెషీన్‌లో ఆ కొలత రాదు. స్లైడర్‌ను 128 ఎంబీకి జరిపితే ఈ సందేహం తీరిపోతుంది.

రెండవ మెట్టు: గెస్ట్ అడిషన్స్

అసలు లోపం ఎక్కువగా ఉండేది ఇక్కడే కాబట్టి ఈ మెట్టుకు ఓపిక అవసరం. గెస్ట్ అడిషన్స్ అంటే పైన చెప్పిన డ్రైవరు, సహాయక ప్రోగ్రాముల మూట. దాన్ని విండోస్‌లో కాక, లోపలి లినక్స్‌లో స్థాపించాలి. ఇవి కెర్నెల్‌కు (లినక్స్ మూలభాగం) అనుగుణంగా అక్కడికక్కడే కంపైల్ అవుతాయి కనుక, ముందుగా ఉబుంటులో బిల్డ్-ఎసెన్షియల్, డీకేఎంఎస్ ప్యాకేజీలతో పాటు, ప్రస్తుతం నడుస్తున్న కెర్నెల్‌కు సరిపోయే హెడర్లను (కంపైల్ చేయడానికి కావలసిన ఫైళ్లు) ఉబుంటులో ప్యాకేజీలు తెచ్చే ఆప్ట్ ఆదేశం ద్వారా తెచ్చుకోవాలి. గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్ విండోస్‌లోని వర్చువల్‌బాక్స్‌తో పాటే వస్తుంది కనుక, మొబైల్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చేవారు ఈ కొద్ది ప్యాకేజీలకు సరిపడా డేటా ఉంచుకుంటే చాలు.

ఆ తరువాత డివైసెస్ మెనూలో గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్‌ను చొప్పించి, అందులో లినక్స్ కోసం ఉన్న రన్ ఫైలును టెర్మినల్‌లో సుడోతో (నిర్వాహకుడి అధికారంతో) నడిపి, మెషీన్‌ను రీస్టార్ట్ చేయండి. మధ్యలో లోపం కనిపిస్తే వదిలేయకుండా వార్ ఫోల్డరులోని లాగ్ ఫోల్డరులో వీబాక్స్‌యాడ్-సెటప్ అనే లాగ్ ఫైలును (/var/log/vboxadd-setup.log) చదవండి. హెడర్లు దొరకలేదన్న సంగతి సాధారణంగా అక్కడే బయటపడుతుంది. ఇవే సాధనాలు ఉబుంటు రిపాజిటరీలో కూడా ప్యాకేజీలుగా దొరుకుతాయి కానీ, ఒకే మెషీన్‌లో రెండు విధానాలనూ కలపకండి. కలిపితే వెర్షన్లు ఒకదానితో ఒకటి పొసగక కొత్త చిక్కులు వస్తాయి.

స్థాపన సరిగా జరిగిందో లేదో, లోడ్ అయిన కెర్నెల్ మాడ్యూళ్ల (కెర్నెల్‌కు జతయ్యే డ్రైవర్ల వంటి భాగాలు) జాబితా చూపే ఎల్ఎస్‌మాడ్ ఆదేశం చెబుతుంది. జాబితాలో వీబాక్స్‌గెస్ట్ లేకపోతే మాడ్యూల్ లోడ్ కాలేదని అర్థం. గెస్టులో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే అనుమతించే రక్షణ) ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నెల్ అంగీకరించదు. నిన్నటి దాకా బాగా పనిచేసిన తెర కెర్నెల్ అప్‌డేట్ తరువాత చిన్నదైపోతే, కొత్త కెర్నెల్‌కు హెడర్లు తెచ్చి మాడ్యూళ్లను మళ్లీ కంపైల్ చేయించాలి.

ఇప్పుడు వ్యూ మెనూలో ఆటో-రీసైజ్ గెస్ట్ డిస్‌ప్లేను ఎంచుకొని విండో అంచును లాగి చూడండి. ఆ అంశం మసకగా ఉండి ఎంచుకోవడానికి వీలుకాకపోతే గెస్ట్ అడిషన్స్ ఇంకా పనిచేయడం లేదన్నమాట. అదే మెనూలోని స్కేల్డ్ మోడ్‌ను పరిష్కారంగా భావించవద్దు. అది బొమ్మను సాగదీస్తుందే కానీ కొలతను పెంచదు, అందువల్ల అక్షరాలు మసకబారుతాయి. పొరపాటున అందులోకి వెళ్లి మెనూ మాయమైతే కుడి కంట్రోల్, సి మీటలను కలిపి నొక్కితే వెనక్కి రావచ్చు.

మూడవ మెట్టు: డెస్క్‌టాప్ సెషన్

ఇంతవరకు అన్నీ సరిగా ఉండి, ఒక ప్రత్యేక కొలత మాత్రమే దొరకనప్పుడు ఎక్స్‌రాండర్‌ను ఆశ్రయించవచ్చు. అయితే అది ఎక్స్ఆర్గ్ సెషన్‌లోనే పనిచేస్తుంది. ఎక్స్ఆర్గ్, వేలాండ్ అనేవి లినక్స్‌లో తెర మీద బొమ్మ చూపే రెండు వేర్వేరు వ్యవస్థలు. ఉబుంటు 21.04 నుంచి సాధారణంగా వేలాండ్ సెషన్ మొదలవుతుంది, అందులో ఈ ఆదేశంతో కొలత మారదు. లాగిన్ తెర మీది చక్రం గుర్తు నొక్కి ఎక్స్ఆర్గ్ సెషన్ ఎంచుకోవచ్చు. ఉబుంటులో మామూలుగా వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్‌కు ఆ వెసులుబాటు ఉబుంటు 25.10తో తొలగిపోయింది. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో కనిపించే 1366×768 కొలతకు, ఎక్స్‌రాండర్‌కు ఇవ్వవలసిన అంకెలను లెక్కించే సీవీటీ ఆదేశంతో లెక్క వేయిస్తే, వెడల్పు 8తో భాగింపబడాలి కనుక 1368×768 వస్తుంది. అది లోపం కాదు. ఎక్స్‌రాండర్‌తో చేసిన మార్పు లాగవుట్ అయితే పోతుంది కనుక, దాన్ని హోమ్ ఫోల్డరులోని ఎక్స్‌ప్రొఫైల్ ఫైలులో రాసుకోవాలి.

వర్చువల్‌బాక్స్ వాడనివారు

వర్చువల్‌బాక్స్ లాంటిదే అయిన వీఎంవేర్‌లో ఓపెన్-వీఎం-టూల్స్‌తో పాటు, దాని డెస్క్‌టాప్ ప్యాకేజీని కూడా స్థాపించాలి. మొదటిది ఒక్కటే ఉంటే తెర దానంతటది మారదు. లినక్స్ కంప్యూటర్ మీద వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎం, దాని నిర్వహణ సాధనమైన వర్ట్-మేనేజర్ వాడేవారు వీడియో మోడల్‌గా వర్టియోను గానీ క్యూఎక్స్ఎల్‌ను గానీ ఎంచుకొని, గెస్టులో స్పైస్-వీడీఏజెంట్‌ను స్థాపించి, వ్యూ మెనూలోని స్కేల్ డిస్‌ప్లే కింద విండోతో పాటు తెర కొలత మారే ఎంపికను ఆన్ చేయాలి.