తొలి విదేశీ ప్రయాణం – 5వ పాఠం: లాంజ్‌లో కాసేపు

గత పాఠంలో ఆవకాయ సీసాను చెక్-ఇన్ పెట్టెలో సర్దుకున్నాం. ఈసారి లాంజ్ సంగతి, అంటే విమానం ఎక్కేముందు కూర్చుని తినడానికి, సేదతీరడానికి ఎయిర్‌పోర్టులో విడిగా ఉండే గది.

గుంటూరు నుంచి అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లలో చాలామంది శంషాబాద్‌లోనే విమానం ఎక్కుతారు. ఐదారు గంటలు కారులో కూర్చుని, అర్ధరాత్రి ఎయిర్‌పోర్టు చేరి, తెల్లవారుజాము దాకా నడుం వాల్చే చోటు లేక అవస్థపడతారు. లాంజ్‌కి వెళ్లమనేది హోదా కోసం కాదు, ఆ నడుం కోసం. మెత్తటి కుర్చీ, వేడివేడి టిఫిను, ఫోను ఛార్జింగ్ అరవై దాటినవాళ్లకు విలాసాలు కావు.

బిజినెస్ క్లాస్ టికెట్ ఉంటే నేరుగా వెళ్లొచ్చు. డబ్బు కట్టి వెళ్లే లాంజ్‌లూ ఉన్నాయి. మనలో ఎక్కువమందికి దారి మాత్రం బ్యాంకు కార్డే. చిక్కంతా ఇక్కడే. దేశీయ లాంజ్‌లో ఉచితమన్న కార్డు అంతర్జాతీయ లాంజ్‌లో చెల్లకపోవచ్చు. గడిచిన మూడు నెలల్లో కార్డు మీద ఇంత ఖర్చుపెట్టి ఉండాలని షరతు పెట్టే బ్యాంకులు చాలా ఉన్నాయి.

బ్రాడీపేటలో ఉండే మా పిన్ని, బాబాయి పేరు మీదున్న కార్డు పట్టుకుని ఒంటరిగా బయల్దేరింది. లాంజ్ కౌంటర్‌లో అమ్మాయి బోర్డింగ్ పాస్ మీద పేరు చూసింది, కార్డు మీద పేరు చూసింది. "సార్ రాలేదా మేడమ్?" అంది. సార్ గుంటూరులోనే ఉన్నారు. పిన్ని చేతిసంచి మళ్లీ భుజాన వేసుకుని గేటు దగ్గరికి వెళ్లి కూర్చుంది. ముందురోజు ఆ కార్డు నేను చూసి ఉండాల్సింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఎవరి కార్డు వాళ్ల పేరు మీదే ఉండాలి.

ఇక టైము లెక్క. దీన్ని వెనక నుంచి వేసుకోవాలి. విమానం 4:00కి, బోర్డింగ్ 3:00కి అనుకుందాం. గేటు దాకా నడకుంటుంది కాబట్టి 2:40కి లాంజ్‌లోంచి లేవాలి. అంతర్జాతీయ లాంజ్ ఇమ్మిగ్రేషన్ (పాస్‌పోర్టు తనిఖీ), సెక్యూరిటీ దాటాకే వస్తుంది. సామాను కౌంటర్‌తో కలిపి వాటికి గంటన్నర తీసిపెట్టండి. 12:30కి ఎయిర్‌పోర్టు చేరితే లాంజ్‌లో కూర్చునేది 40 నిమిషాలే. క్యూ పొడుగ్గా ఉంటే అదీ ఉండదు. అప్పుడు లాంజ్ మానేయండి, గేటే ముఖ్యం.

చాలా లాంజ్‌ల్లో విమానాల అనౌన్స్‌మెంట్లు వినపడవు. కూర్చోగానే ఫోనులో అలారం పెట్టండి, స్క్రీన్ మీద గేటు నంబరు మళ్లీ చూసుకోండి. తిన్నంత తినొచ్చు గానీ సంచిలో పెట్టుకోకూడదు. సీసాలో నీళ్లు పట్టుకుంటే విమానంలోనే తాగేయండి. దోహా, దుబాయ్ లాంటిచోట విమానం మారేటప్పుడు మళ్లీ తనిఖీ ఉంటుంది, నిండు సీసా అక్కడ పారేయిస్తారు.

ఈ వారం సాధన: మీ కార్డు వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేసి మూడు అడగండి. అంతర్జాతీయ లాంజ్ ఉందా? ఏడాదికి ఎన్నిసార్లు? పక్కన వచ్చేవాళ్లకు ఎంత కట్టాలి? జవాబులు టికెట్ ప్రింటు వెనక రాసి, దాని కిందే మీ టైము లెక్క వేయండి. 6వ పాఠంలో ఆ కాగితంతోనే దోహాలో విమానం మారదాం.