ఆట మానేశాక ఏంటి? 'రీసెట్' శిక్షణకు దరఖాస్తు విధానం

ఆట నుంచి తప్పుకున్న క్రీడాకారులకు శిక్షణ ఇచ్చి ఉపాధి వైపు నడిపించేందుకు కేంద్ర క్రీడా శాఖ 2024 ఆగస్టు 29న, జాతీయ క్రీడా దినోత్సవం నాడు, 'రీసెట్' కార్యక్రమాన్ని ప్రారంభించింది. గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి జాతీయ వ్యాయామ విద్యా సంస్థ దీన్ని నిర్వహిస్తోంది.

వయసు 20 నుంచి 50 ఏళ్ల లోపు ఉండాలి. పతకం రాలేదని ఆగిపోనక్కర్లేదు. అంతర్జాతీయ, జాతీయ, రాష్ట్ర స్థాయి పోటీల్లో పాల్గొన్నా అర్హులే. కాకపోతే ఆ పోటీకి జాతీయ క్రీడా సమాఖ్య, భారత ఒలింపిక్ సంఘం, క్రీడా శాఖల్లో ఏదో ఒకదాని గుర్తింపు ఉండాలి. గుర్తింపు లేని టోర్నీల షీల్డులు ఇంటి నిండా ఉన్నా ఇక్కడ పనికిరావు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, గ్వాలియర్ సంస్థ పోర్టల్ ద్వారా. కోర్సులు రెండు స్థాయిల్లో ఉంటాయి: ఇంటర్ పూర్తి చేసినవారికి ఒకటి, పదకొండో తరగతి లేదా అంతకంటే తక్కువ చదివినవారికి ఇంకొకటి. ఆటల కోసం చదువు మధ్యలో ఆపేసినవాళ్లు మనలో చాలామందే కదా, వాళ్లనూ లెక్కలోకి తీసుకోవడం మంచి పని.

ఫారం నింపడం పెద్ద పనేం కాదు. అసలు టెన్షన్ పేర్ల దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, టెన్త్ మెమోలో పొడి అక్షరమే ఉంటుంది, పోటీలో ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఎవరో హడావిడిగా చేత్తో రాసిన స్పెల్లింగ్ ఉంటుంది. మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే ముందుగా ఆధార్ సరిచేయించుకోండి, సర్టిఫికెట్ విషయం మీ క్రీడా సంఘంతో మాట్లాడండి. సంఘంలో కార్యవర్గం మారితే పాత రికార్డులు దొరకడం కష్టం. అందుకే ఇంకా ఆడుతున్నవాళ్లు కూడా ఈ పని ఇప్పుడే చేసుకోవడం మేలు. లామినేట్ చేయించిన సర్టిఫికెట్‌ను ఫోన్‌తో ఫొటో తీస్తే మెరుపు పడి సీలు కనిపించదు, స్కాన్ చేయించండి.

శిక్షణలో కొంత భాగం పోర్టల్‌లో మన వీలును బట్టి చదువుకోవచ్చు. మిగతాది మైదానంలో, ఆపైన ఇంటర్న్‌షిప్. పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి, సొంతంగా ఏదైనా పెట్టుకోవడానికి సాయం చేస్తారు. సాయమే, గ్యారంటీ కాదు. కాబట్టి పేరు చూసి కాకుండా, మీ చుట్టుపక్కల పని దొరికే కోర్సు ఎంచుకోండి.

ఒలింపిక్స్, ఆసియా క్రీడల వంటి పోటీల పతక విజేతలకు ఇచ్చే పింఛను వేరే పథకం. దానికి 30 ఏళ్లు నిండాలి, దరఖాస్తు కూడా విడిగా క్రీడా శాఖకే పెట్టుకోవాలి.