హీట్ రికవరీ వెంటిలేషన్: తీర ప్రాంతపు ఇళ్లలో సమస్యలు - పరిష్కారాలు

పాత పెంకుటింటిని డాబాగా మార్చి, కిటికీలకు యూపీవీసీ తలుపులు బిగించి, గదులకు ఏసీలు పెట్టించాక లోపలి గాలికి బయటికి పోయే దారి ఉండదు. ఆ లోటు తీర్చడానికి అమర్చే హీట్ రికవరీ యంత్రంలో, వచ్చే గాలి, పోయే గాలి ఒకదానితో ఒకటి కలవకుండా కోర్ (వేడిని మార్పిడి చేసే లోపలి భాగం) గుండా సాగుతూ వేడిని మార్చుకుంటాయి. చలి దేశాల్లో ఇది ఇంటి వెచ్చదనాన్ని కాపాడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం తీర మండలాల్లో కాపాడవలసింది ఏసీ చల్లదనాన్ని. ఇక్కడి ఇబ్బందులు చాలావరకు ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల వచ్చేవే.

సమస్య: ఫాల్స్ సీలింగ్ మీద తడి మరకలు, యంత్రం నుంచి నీటి చుక్కలు

మరక ఎక్కడ పడిందో ముందు చూడాలి. డక్టు (గాలి గొట్టం) పొడవునా మరకలు ఉంటే, ఏసీ గది నుంచి పోయే చల్లని గాలి వల్ల డక్టు పైతలం చల్లబడి, సీలింగ్ పైనున్న తేమగాలి దానిమీద నీరుగా మారుతున్నదని అర్థం. బయట 33 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజున సుమారు 28 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ తలమైనా చెమర్చుతుంది. డక్టుకు నైట్రైల్ రబ్బరు తొడుగు వేసి, అతుకుల దగ్గర ఏ సందూ లేకుండా టేపు చుట్టాలి. తొడుగు ఉన్నా అతుకు తెరిచి ఉంటే నీరు సరిగ్గా అక్కడే చేరుతుంది.

మరక యంత్రం కిందనే ఉంటే కోర్‌ను అనుమానించాలి. చలి దేశాల కోసం తయారైన యంత్రాల్లో నీటి పళ్లెం ఇంటి నుంచి పోయే గాలి వైపు ఉండవచ్చు. మన ఉక్కపోతలో నీరు చేరేది లోపలికి వచ్చే గాలి వైపు. అందువల్ల ఈ ప్రాంతానికి వేడితోపాటు తేమను కూడా మార్పిడి చేసే ఈఆర్‌వి (ఎనర్జీ రికవరీ వెంటిలేటర్) కోర్ ఉన్న యంత్రమే తగినదని నా దృఢాభిప్రాయం. కొనేముందే ఈ సంగతి అడగాలి. అయితే ఈఆర్‌వి గాలిలోని తేమను కొంతవరకే తగ్గిస్తుంది, మిగిలినది ఏసీయే తీయాలి.

సమస్య: యంత్రం నడుస్తున్నప్పుడు స్నానాల గదిలో మురుగు వాసన

వాడకం లేని నహానీ ట్రాపులో (మురుగు వాసనను అడ్డుకునేలా నీరు నిలిచే నేల తూములో) నీరు ఎండిపోవడం ఒక కారణం. చెంబుడు నీళ్లు పోస్తే వాసన ఆగుతుంది. త్వరలోనే మళ్లీ వస్తే, వచ్చే గాలి కంటే పోయే గాలి ఎక్కువై ఇల్లు మురుగు గొట్టాల నుంచి గాలిని పీల్చుకుంటున్నదేమో పరీక్షించాలి. యంత్రాన్ని నడవనిచ్చి, ఇంట్లోని మిగతా ఫ్యాన్లు, చిమ్నీ ఆపి, తలుపులన్నీ మూసి, ఒక కిటికీని అంగుళం తెరిచి అక్కడ అగరుబత్తి పట్టుకోవాలి. గాలి వీయని వేళ కూడా పొగ స్థిరంగా లోపలికే లాగబడుతుంటే, బయటిగాలి తెచ్చే ఫిల్టరునూ జాలీనీ శుభ్రం చేసి, యంత్రంలోని రెండు ఫ్యాన్ల వేగాలను సమం చేయించాలి.

సమస్య: గాలి తక్కువ, మోత ఎక్కువ

6 అంగుళాల డక్టు వేయవలసిన చోట 4 అంగుళాలది వేస్తే గాలి పోయే దారి సగానికంటే తగ్గుతుంది. బీము కింద నలిగిన ఫ్లెక్సిబుల్ గొట్టం కూడా అంతే నష్టం చేస్తుంది కనుక, సీలింగ్ మూయకముందే మేస్త్రీని పక్కన పెట్టుకుని ప్రతి మలుపునూ చూసుకోవాలి. వంటింటి చిమ్నీని ఈ యంత్రానికి కలపనే కూడదు, నూనె జిడ్డు కోర్‌ను పూడ్చేస్తుంది.

సమస్య: గాలివానకు డక్టులోకి నీరు, బయటి వాసనలు

2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటి తుపానులో వాన అడ్డంగా కొడుతుంది. బయటి మూతి కిందికి వంగి ఉండాలి, గోడలోని గొట్టం బయటివైపు వాలి ఉండాలి. గాలి తీసుకునే మూతిని వదిలే మూతికి దూరంగా, వీలైతే వేరే గోడకు పెట్టాలి. జీడిపప్పు బట్టీలున్న పలాస వంటి చోట్ల పొగ వచ్చే దిక్కును తప్పించాలి. సముద్రానికి దగ్గరైతే మూతికీ మరలకూ స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి. మామూలు ఇనుప మరలు ఉప్పుగాలికి తుప్పుపట్టి, మూతి వదులై, అదే సందులోంచి మళ్లీ వాననీరు దిగుతుంది.