ఫిరాయించిన ఎమ్మెల్యేపై అనర్హత పిటిషన్ వేయడం ఎలా?

ఒక పార్టీ గుర్తుపై గెలిచి మరో పార్టీ కండువా కప్పుకున్న ఎమ్మెల్యే మళ్లీ ప్రజాతీర్పు కోరాలన్నది న్యాయమైన డిమాండే అయినా, పార్టీ మారినంత మాత్రాన ఆ సీటు దానంతట అదే ఖాళీ కాదు. ఆయన రాజీనామా చేయాలి, లేదా రాజ్యాంగంలోని పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) కింద ఆయనపై అనర్హత వేటు పడాలి. ఉప ఎన్నిక ఆ తర్వాతి మాట. రాజీనామా ఆయన చేతిలో ఉంది గనుక, మనకు మిగిలేది అసెంబ్లీ స్పీకర్‌కు ఇచ్చే పిటిషనే.

ముందుగా ఏ కారణంపై వెళ్లాలో తేల్చుకోండి. విప్ (సభలో ఎలా ఓటు వేయాలన్న పార్టీ ఆదేశం) ధిక్కరణ అయితే దాన్ని పార్టీ 15 రోజుల్లోగా మన్నించలేదని కూడా చూపాలి. అది పార్టీవారు నడపవలసిన కేసు. ఓటర్లకు అక్కరకొచ్చేది పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నారన్న కారణం. ఇందుకు రాజీనామా లేఖే ఉండనక్కర్లేదని, ప్రవర్తనను బట్టి కూడా ఆ నిర్ధారణకు రావచ్చని 1994లో రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి పిటిషన్ బలమంతా సాక్ష్యాల్లోనే ఉంటుంది. ముఖ్యమంత్రితో దిగిన ఫొటో ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. నియోజకవర్గ అభివృద్ధి కోసమే కలిశానన్న జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కొత్త పార్టీ వేదికపై చేసిన ప్రసంగం, ఆ పార్టీ అభ్యర్థి తరఫున చేసిన ప్రచారం, లేదా ఆ పార్టీ బీ-ఫారంతో వేసిన నామినేషన్ వంటివాటిని తేదీ, స్థలంతో సహా వరుసగా పేర్చి, ఆయన మొదట ఏ పార్టీ తరఫున ఎన్నికయ్యారో చూపే అధికారిక పత్రాన్ని జతచేయాలి. పార్టీ శాసనసభాపక్షంలో మూడింట రెండు వంతుల మంది సమ్మతితో జరిగిన విలీనమైతే వేటు పడదు గనుక, ఆ వాదన వస్తుందేమో కూడా ముందే చూసుకోవాలి. మూడో వంతు చీలికకు ఉన్న మినహాయింపును 2003లో 91వ సవరణ తొలగించింది.

సభ్యులు మాత్రమే పిటిషన్ వేయాలని సభా నియమాల్లో కనిపించినా, ఆసక్తి ఉన్న ఎవరైనా స్పీకర్‌ను ఆశ్రయించవచ్చని ఒడిశాకు చెందిన కేసులో 2013లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పిటిషన్‌లో వాస్తవాలను క్లుప్తంగా రాసి, దానిపైనా అనుబంధ పత్రాలపైనా సంతకం, ధ్రువీకరణ చేసి, అందజేసినట్లు రసీదు తీసుకోండి. ధ్రువీకరణలో లోపాన్ని అవతలివారు తప్పక ఎత్తిచూపుతారు గనుక ఇక్కడ న్యాయవాది సాయం అవసరం.

అసలు చిక్కు జాప్యం. స్పీకర్ సాధారణంగా అధికార పక్షం నుంచే ఎన్నికవుతారు. ఫిరాయింపులూ ఎక్కువగా అటువైపే సాగుతాయి. నిర్ణయానికి గడువును చట్టంలోనే రాయకపోవడం పెద్ద లోపమని నా అభిప్రాయం. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది; తెలంగాణలో పదిమంది ఎమ్మెల్యేల విషయంలో 2025 జులై 31న అదే గడువు విధించింది. ఆ కాలం గడిచినా కదలిక లేకపోతే, రసీదునూ ఈ తీర్పులనూ జతచేసి హైకోర్టులో రిట్ వేయవచ్చు.

వేటు పడ్డాక, సభ్యత్వ కాలం ఏడాదికి తక్కువ కాకుండా మిగిలి ఉంటే సాధారణంగా ఆరు నెలల్లో ఉప ఎన్నిక జరగాలి. అందులో ఆయనా పోటీ చేయవచ్చు. 2019లో కర్ణాటక ఎమ్మెల్యేల కేసులో సుప్రీంకోర్టు ఆ అవకాశాన్ని నిలిపింది. అయితే తిరిగి గెలిచేదాకా, లేదా పాత సభ్యత్వ కాలం ముగిసేదాకా, ఆయనకు మంత్రి పదవి ఇవ్వడానికి వీల్లేదు.