ట్రూపింగ్ ద కలర్ చూడటానికి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ట్రూపింగ్ ద కలర్ అంటే జూన్‌లో ఒక శనివారం లండన్‌లో జరిగే బ్రిటన్ రాజు చార్లెస్‌గారి అధికారిక పుట్టినరోజు పరేడ్ (అసలు పుట్టినరోజు నవంబర్ 14). మొదటిసారి వెళ్లే విద్యార్థుల కోసం:

• బారికేడ్ దాటొద్దు, సెల్ఫీ కోసమైనా సరే. 2022లో పరేడ్ దారిలోకి దూకినవాళ్లను పోలీసులు అరెస్టు చేశారు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు పోలీసు కేసంటే మామూలు టెన్షన్ కాదు.

• పాస్‌పోర్ట్ రూమ్‌లోనే ఉంచండి. గుంపులో పోగొట్టుకుంటే కొత్తది తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి.

• ఫోన్ లోపలి జేబులో. లండన్‌లో చేతిలోంచి లాక్కుపోవడం మామూలే.

• ద మాల్ (బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు వెళ్లే రోడ్డు) పక్కన నిలబడి చూడటానికి టికెట్ అక్కర్లేదు. డబ్బు అడిగితే మోసమే. సీట్లున్న స్టాండ్లకు మాత్రమే టికెట్.

• గుర్రాలు వెళ్లగానే ఇంటికి బయల్దేరకండి. ప్యాలెస్ బాల్కనీలో రాజకుటుంబం దర్శనం, పైన విమానాల విన్యాసం మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో. పోలీసులు వదిలాక జనంతోపాటు మెల్లగా ప్యాలెస్ వైపు నడవండి. నిజం చెప్పాలంటే, అంత దూరం నుంచి రాజుగారు బొటనవేలంత కనిపిస్తారు!

• నీళ్లు, టోపీ, పల్చటి రెయిన్‌కోటు. గొడుగు తెరిస్తే వెనకవాళ్లకు ఏమీ కనబడదు, తిట్లు ఖాయం.