కాటా సరిచేసుకున్నాను

ప్రతి రాత్రి కుటుంబ ప్రార్థన చేసుకుంటున్నా నా మనసుకు నెమ్మది ఉండేది కాదు. ఒకనాడు బైబిలులోని లేవీయకాండము 19వ అధ్యాయం చదువుతూ, త్రాసులు, గుండ్లు న్యాయంగా ఉండాలన్న 36వ వచనం దగ్గరికి వచ్చేసరికి, మా కిరాణా కొట్టులోని కాటా ఎక్కువ చూపిస్తోందని తెలిసి కూడా నెలల తరబడి ఊరుకున్న సంగతి గుర్తొచ్చి గొంతు పెగల్లేదు. పొరుగువాణ్ణి ప్రేమించమన్నదీ ఆ అధ్యాయమే, 18వ వచనంలో. ప్రేమను, తూకాన్ని దేవుడు విడదీయలేదు.

మర్నాడు కొట్టు తెరవకముందే కిలో గుండు పెట్టి చూస్తే 1.020 అని చూపించింది. కాటా మరమ్మతు చేయించి, తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాను. తరువాత ఖాతా పుస్తకం పట్టుకొని, వాడుక ఇళ్లకు వెళ్లి, తప్పు ఒప్పుకొని, తగ్గిన బియ్యం, పప్పు ఇచ్చి వచ్చాను. ఒప్పుకోవడమే అన్నిటికన్నా కష్టమైంది. ఒక పెద్దమ్మ సంచి అందుకొని, "మంచిది నాయనా" అని మాత్రం అన్నది.